అరవాలంటే తెలుగే వస్తాది

మొన్న వల్లూరు దగ్గర మా బస్సు సోలారు పార్కు గేటు ముందు ఆగింది. గొర్రెల మంద రోడ్డు దాటుతోంది. గేటు దగ్గర నిలబడ్డ సెక్యూరిటీ మనిషి టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. టోపీ కింద పొట్టిగా కత్తిరించిన నెరిసిన జుట్టు. అంతే. నేను మాత్రం ఆ టోపీలోంచి జుట్టు భుజాల మీదికి జారి పడుతుందని కిటికీ చువ్వ పట్టుకుని ఎదురుచూశాను. బస్సు కదిలాక గానీ గుర్తు రాలేదు, అన్న పోయి ఏడాది దాటిందని.

ఆ గేటు దగ్గరే అన్న డ్యూటీ చేసేవాడు. కాంట్రాక్టరు జుట్టు కత్తిరించుకోమంటే, దాన్ని ముడి వేసి టోపీలోకి దూర్చి, "ఇప్పుడు కనపడతా ఉండాదా సార్?" అని అడిగాడట. ఆ కాంట్రాక్టరు మారినా జుట్టు మారలేదు. ఊళ్ళో ముసలమ్మలు "యా దేవునికి మొక్కుకున్నావప్పా?" అని అడిగేవాళ్ళు. "ఇంగా తేలలేదవ్వా. తేలినంక చెప్తా," అనేవాడు. నవ్వకుండా చెప్పేవాడు. వాళ్ళు కూడా నిజమే కాబోలు అనుకుని వెళ్ళిపోయేవాళ్ళు.

నేనూ నాగరాజూ ఆయన్ని అన్నా అనే పిలిచేవాళ్ళం. మాకంటే రెండేళ్ళు పెద్ద. చిన్నవాళ్ళంతా అలాగే పిలిచేవాళ్ళు కాబట్టి ఆయన పేరుతో ఎవరికీ పెద్దగా పని పడలేదు.

అన్న గురించి చెప్పాలంటే ముందు ఒక సంగతి నమ్మించాలి. కర్ణాటకలోని పావగడ తాలూకాలో, వానల కంటే బోరు బండ్లు ఎక్కువగా వచ్చే ఊళ్ళలో పుట్టి, మేం ముగ్గురం ఒకప్పుడు హార్డ్ రాక్ బ్యాండు పెట్టాం. అన్న గిటారు వాయిస్తూ పాడేవాడు. నాది బేస్ గిటారు. నాగరాజు డ్రమ్ములు. తుమకూరు హాస్టల్లో ఎవరో ఖాళీ చేసి పోయిన గదిలో పేరు రాయని క్యాసెట్ ఒకటి దొరికింది. అన్న దాన్ని టేప్ రికార్డర్‌లో వేశాడు. గిటార్లు గరగరలాడాయి. ఒక మనిషి గొంతు చించుకుని అరిచాడు. మాకు ఒక్క మాట అర్థం కాలేదు. అయిపోయాక అన్న టేపు వెనక్కి తిప్పి మళ్ళీ మొదటినుంచి పెట్టాడు. తర్వాత అన్నాడు, "వీడు యా దేశమోడో తెల్దు. అరుపు మాత్రం మన తాలూకాదే."

ఎవరైనా ఎగతాళి చేస్తే ఆయన దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉండేది. "రాక్ అంటే రాయి కదప్పా. మన దిక్కు ఎప్పుడూ తక్కువ గానిది అదొకటే. ఇంగేం వాయించల్ల మేము?"

గిటారు శబ్దాన్ని గరగరలాడించే పరికరాలు మా దగ్గర లేవు. అన్న పెళ్ళిళ్ళకు మైక్‌సెట్ ఇచ్చే షాపు నుంచి పాత స్పీకరు తెచ్చి, దాని కాగితం కోనును బ్లేడుతో అక్కడక్కడ కోశాడు. షాపాయన లబోదిబోమన్నాడు. "చింపి పెట్టినావు కదప్పా!" అన్నాడు. "చిరిగినంకనే నిజం చెప్తాది," అన్నాడు అన్న. రైతులు త్రీఫేజ్ కరెంటు వచ్చినప్పుడు మోటార్లు వేసుకునేవాళ్ళు, మేం స్పీకరు వేసుకునేవాళ్ళం. చేలో నీళ్ళు పారుతున్న చప్పుడు, పక్కన మా గోల. నీళ్ళు ఆగిపోతే మా పాటా ఆగిపోయేది.

అలా ఎనిమిది పాటలు కట్టాడు అన్న. ప్రేమ మీద ఒక్కటీ లేదు. ఒకటి బోరు మీద. "దిగు దిగు దిగు బోరూ, దుమ్మే నీ పేరూ" అని మొదలయ్యేది. ఒకటి వాన పడకముందే శెనక్కాయ విత్తనం వేసిన రైతు మీద. ఒకటి నీళ్ళ బిందెలు మోసి మోసి మెడలు కూరుకుపోయిన ఆడవాళ్ళ మీద. మాటలు మామూలుగా ఉండేవి. వాటిని ఆయన అరిచే తీరులోనే ఏదో ఉండేది. "గట్టిగా వాయించేది కోపానికి కాదు, వినబడేకి," అనేవాడు.

ఒకసారి నిడుగల్లు కొండ కింద జాతరలో మాకు అవకాశం దొరికింది. నాటకం మొదలయ్యేలోపు ఖాళీగా ఉన్న వేదిక మీద వాయించుకోమన్నారు. మొదటి పాటకే దూరంగా కట్టిన మేకలు గుంజలు పీక్కున్నాయి. రెండో పాటకు నాటకంవాళ్ళు ముఖాలకు సగం రంగుతోనే బయటికి వచ్చారు. మూడోది పాడనివ్వలేదు. మేం తీగలు చుట్టుకుంటుంటే ఒక అవ్వ కర్ర పొడుచుకుంటూ వేదిక దగ్గరికి వచ్చింది. అన్న వైపు చూసి అడిగింది.

"నాయనా, మీ ఇంట్లో ఎవురు పోయినారు?"

నాగరాజుకు నవ్వు ఆగలేదు. అన్న మాత్రం నవ్వలేదు. వేదిక దిగి ఆమె చెయ్యి పట్టుకుని, "ఎవురూ పోలేదవ్వా. ఊరికే ఏడుస్తా ఉండాం," అన్నాడు. "ఏడువు ఏడువు. మంచిదే," అని ఆమె వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎన్నేళ్ళయినా, ఎవరు కలిసినా ఈ సంగతి చెప్పేవాడు. ఎవ్వరూ తనను అంతకంటే మెచ్చుకోలేదని ఆయన నమ్మకం.

మా రాత తేలిపోయింది బెంగళూరులో. క్యాసెట్లు వేసే ఒకాయన మా పాటలు వింటానన్నాడు. రాత్రంతా బస్సులో గిటార్లను యూరియా సంచుల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని పోయాం. స్టూడియోలో అంత నిశ్శబ్దం ఉంటుందని మాకు తెలియదు. మా ఊపిరి మాకే వినబడి భయమేసింది. బోరు పాట వాయించాం. అద్దానికి అవతల కూర్చున్నాయన తల ఊపుతూ విన్నాడు. మంచి మనిషే. టీ తెప్పించి, మెల్లగా చెప్పాడు. దుమ్ము దులిపేశారు, కానీ ఇలాంటి సంగీతం తెలుగులో ఇక్కడ ఎవరు కొంటారు, ఇంగ్లీషులో చేయండి, లేదా కన్నడలో చేయండి, ఈ రోజే రికార్డు చేద్దాం అన్నాడు.

అన్నకు కన్నడ బాగా వచ్చు. బడంతా అందులోనే చదివాడు. సరేనని మైకు ముందు నిలబడి మొదటి లైను అక్కడికక్కడే కన్నడలో కట్టి పాడాడు. తాళం తప్పలేదు. రెండో లైను దగ్గర ఆగిపోయాడు. మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ అక్కడే ఆగాడు. గిటారు దించి కన్నడలోనే ఆయనతో మాట్లాడాడు. అదే మాట తర్వాత బస్సులో తెలుగులో మళ్ళీ చెప్పాడు.

"సార్, కన్నడలో నేను అన్నం అడుగుతా, తాలూకాఫీసులో అర్జీ ఇస్తా, చెలికాళ్ళతో నవ్వుతా. మంచి భాష. అరవాలంటే మాత్రం నాకు తెలుగే వస్తాది. ఏం చేసేది సార్."

ఆయన భుజం తట్టి పంపించాడు. తిరుగు బస్సులో నాగరాజు నిద్రపోయాడు. అన్న కిటికీలోంచి బయటికి చూస్తూ, "పాటలు యాడికీ పోవులే. మనకాడే ఉంటాయి," అన్నాడు. పాటలు ఉన్నాయి. మేమే చెదిరిపోయాం. నేను తుమకూరులో మందుల షాపులో చేరి, చివరికి అదే షాపు నడుపుకుంటున్నాను. నాగరాజు మంగళవాడలో ట్రాక్టరు, తర్వాత నీళ్ళ ట్యాంకరు తోలాడు. అన్న శెనక్కాయ చేలో మిగిలిపోయాడు. వినాయక చవితి పందిళ్ళలో ఆర్కెస్ట్రావాళ్ళతో సినిమా పాటలు పాడేవాడు. కళ్ళు మూసుకుని, చక్కగా, ఎవరికీ కోపం రాకుండా పాడేవాడు. ఆలస్యంగా పెళ్ళి చేసుకున్నాడు. అప్పటికి మా బ్యాండు సంగతి ఊళ్ళోవాళ్ళే మరిచిపోయారు. వదినకు తెలిసిన పాటగాడు ఆ పందిట్లో పాటగాడే.

ఊళ్ళోకి సోలారు వచ్చినప్పుడు అందరితోపాటు అన్న కూడా చేను లీజుకిచ్చాడు. బాధపడ్డావా అని అడిగితే, "బాధపడేకి అలిసిపోయినా," అన్నాడు. ఒకప్పుడు తను దున్నిన నేల ఆ అద్దాల కింద ఎక్కడుందో గేటు దగ్గర నిలబడి వేలితో చూపించబోయి, గుర్తుపట్టలేక చెయ్యి దించేశాడు. అన్ని వరసలూ ఒకేలా ఉన్నాయి.

ఒక మధ్యాహ్నం వదిన మా షాపుకు వచ్చింది. ఎప్పుడూ రాని మనిషి. చేతిలో బెంగళూరు ఆస్పత్రి రిపోర్టు ఉంది. నేను చదివి, మళ్ళీ చదివాను. గొంతులో గడ్డ. ఆపరేషన్ చేస్తే మనిషి దక్కవచ్చు, గొంతు మాత్రం పోతుంది.

"ఏమంటాడు వదినా?"

"ఏమీ అనడప్పా. ఊ అనడు, ఊహూ అనడు. నెలైతా ఉండాది. నిన్న కూసోబెట్టి అడిగినా, ఏం కావాల్రా నాయనా నీకు అని. ఆ పాటలు అన్నాడు." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఏం పాటలప్పా అవి? పందిట్లో పాడేటివేనా?"

"కాదు వదినా. వేరేవి."

"ఏవో ఒకటి. అవి రికార్డు చేసేస్తే ఆస్పత్రికి పోతాడంట. చేపించండి. జల్దీ చేపించండి."

నాగరాజుకు ఫోన్ చేశాను. నడుము నొప్పి, కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను అన్నాడు. ఇంకా ఏదో అనబోయి ఆగి, "ఎప్పుడు?" అని అడిగాడు.

రికార్డింగ్‌కు బెంగళూరు వద్దన్నాడు అన్న. "ఆడికి ఒకసారి పోయినాం గదా," అన్నాడు. మంగళవాడలో మూతపడ్డ శెనక్కాయ మిల్లు ఒకటి ఉంది. పంట లేక మిషన్లు ఎప్పుడో అమ్మేశారు. గోడలు మందం. మేం గోడలకు గోనెసంచులు వేలాడదీశాం. హిందూపురం నుంచి ఆర్కెస్ట్రాలకు సౌండ్ చేసే ఒకతను ల్యాప్‌టాపు, మైకులు తెచ్చాడు. డ్రమ్ములు, గిటార్లు అరువు తెచ్చుకున్నాం. మొదటి ఆదివారం సాధన మొదలుపెట్టి పది నిమిషాల్లో ముగ్గురం ఆయాసపడ్డాం. నా వేళ్ళు బొబ్బలెక్కాయి. నాగరాజు ఒక పాట మధ్యలో నడుము పట్టేసి, కర్రలు కింద పెట్టి, గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. కుర్రతనంలో మమ్మల్ని ఎగరేసిన పాటలు ఇప్పుడు మా మీద మూటల్లా కూర్చున్నాయి.

అన్న సాధనలో పాడలేదు. పెదవులు మాత్రం కదిపాడు. "ఒక్కొక్కటి ఒక్కసారే పాడతా. రెండోసారికి గొంతు లేదు," అని ముందే చెప్పాడు.

రికార్డు చేసిన రోజు ఎండ నిప్పులు చెరుగుతోంది. రేకుల కప్పు కింద మిల్లంతా ఉడికిపోతోంది. శబ్దం వస్తుందని ఫ్యాను వద్దన్నాడు సౌండతను. మొదటి నాలుగు పాటలూ ఎలాగో అయ్యాయి. అన్న గొంతు బొంగురుపోయింది కానీ, ఆ పాటలకు అదేమీ తప్పనిపించలేదు. అయిదో పాట మొదలుపెట్టబోతుంటే కరెంటు పోయింది. స్పీకర్లు చచ్చిపోయాయి. నాగరాజు డ్రమ్ముల వెనకనుంచి నీరసంగా అన్నాడు, "ఊళ్ళ మీదికంతా కరెంటు మన తాలూకానుంచే పోతాది. మనకే లేదు చూడన్నా."

"పోతా పోతా మనల్ని చూసి పోయింటాది లే," అన్నాడు అన్న. గోనెసంచి పరుచుకుని నేల మీద పడుకున్నాడు. మేం కూడా పడుకున్నాం. ముగ్గురం కప్పు చూస్తూ, మాట్లాడకుండా, మధ్యాహ్నమంతా కరెంటు కోసం అలా ఉన్నాం. నాకు ఆ బ్యాండంతటిలో బాగా గుర్తున్న సమయం అదే. అన్న ఒకసారి మాత్రం, "శెనక్కాయ పాటలో రెండో చరణం ఎవురికన్నా గుర్తుందా?" అని అడిగాడు. నాకు గుర్తు లేదు. నాగరాజు, "నేను యానాడన్నా మాటలు విన్నానా అన్నా? దరువు తప్ప," అన్నాడు.

కరెంటు వచ్చాక శెనక్కాయ పాట మొదలుపెట్టాం. రెండో చరణం దగ్గర ఏం చేస్తాడోనని నేను ఆయన ముఖమే చూస్తున్నాను. అన్న ఆగలేదు.

"నా చేనంతా అద్దమాయె, అద్దమంతా ఎండాయె,
ముఖము చూసుకుందామంటే కంచె నాకు అడ్డమాయె"

అని పాడుకుంటూ పోయాడు. అప్పటికప్పుడు పుట్టిన మాటలు. నా చేతులు వాటంతట అవే వాయించాయి కాబట్టి సరిపోయింది.

అసలు భయం చివరి పాటే. అందులో ఆఖరున సంగీతమంతా ఆగిపోయి, అన్న ఒక్కడే ఊపిరి ఉన్నంతసేపు అరవాలి. అప్పట్లో ఆ అరుపుకు పొలాల్లో పనిచేసేవాళ్ళు నడుం ఎత్తి చూసేవాళ్ళు. ఆ చోటు వచ్చింది. నేనూ నాగరాజూ ఆపేశాం. అన్న తల వెనక్కి వేసి నోరు తెరిచాడు. అరుపు రాలేదు. ముందు గాలి వచ్చింది. తర్వాత గీరుకుపోయిన చిన్న శబ్దం, కాసేపు వణికి తెగిపోయింది. మెడ నరాలు మాత్రం ఉబ్బి అలాగే ఉన్నాయి. నాగరాజు తల దించుకున్నాడు. అన్న చేత్తో కానివ్వండని సైగ చేశాడు. మేం వాయించి ముగించాం.

సౌండతను మర్యాదగా దగ్గరికి వచ్చి, "ఆ ఒక్క చోటు ఏమీ ఇబ్బంది లేదు సార్. కంప్యూటర్లో సరిచేస్తా. వేరే అరుపు తెచ్చి అతికిస్తే తెలీదు," అన్నాడు.

అన్న కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు.

"ఒద్దప్పా. రాలేదు అనేది గూడా వినబడనీ."

మాట ఇచ్చినట్టే ఆ వారంలోనే ఆస్పత్రిలో చేరాడు. ఆపరేషన్ అయ్యాక గొంతు కింద చిన్న రంధ్రం, దాని మీద పలచటి గుడ్డ. మాట లేదు. మొదట్లో ఏదైనా కావాలంటే పళ్ళెం మీద వేళ్ళతో దరువు వేసేవాడు. నీళ్ళకొక దరువు, మందులకొకటి. వదిన విసుక్కునేది. "నేనేమన్నా మందలో గొర్రెనా, చప్పుడు చేసి పిలిచేకి?" అనేది. అంటూనే నీళ్ళు తెచ్చేది.

పాటలు సిద్ధమై వచ్చాక నేనూ నాగరాజూ అన్న ఇంటికి వెళ్ళాం. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. నేను ఫోనుకు పెద్ద హెడ్‌ఫోన్ తగిలించి అన్నకు ఇచ్చాను. ఆయన దాన్ని చేతుల్లో తిప్పి చూసి, పెట్టుకోలేదు. వదినను రమ్మని సైగ చేశాడు.

"నాకెందుకు? నాకు పనుండాది," అంది ఆమె. ఆయన చెయ్యి దించలేదు. ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి, చాప మీద కూర్చుంది. అన్న ఆమె తల మీద హెడ్‌ఫోన్ పెట్టి, జుట్టు సర్ది, నా వైపు చూశాడు. నేను పాట మొదలుపెట్టాను.

ఆమె ఉలిక్కిపడింది. రెండు చేతులతో చెవులు పట్టుకుంది, కానీ తియ్యలేదు. కళ్ళు పెద్దవయ్యాయి. కాసేపటికి, తన గొంతు ఎంత పెద్దగా వస్తోందో తెలియక, వీధిలోకి వినబడేలా అరిచింది.

"ఇంత గట్టిగా అరుస్తావా నువ్వు! ఇన్నేండ్లలో నా మీద ఒక్కసారన్నా అరవలేదే!"

పక్కింటావిడ గోడ మీదినుంచి తొంగి చూసింది. అన్న నవ్వాడు. శబ్దం లేదు. భుజాలు కదిలాయి, గొంతు మీది గుడ్డ లేచి పడింది. నాగరాజు నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

ఆమె లేస్తుందనుకున్నాం. లేవలేదు. ఎనిమిది పాటలూ అయ్యేదాకా, నేల మీదికి చూస్తూ అలాగే కూర్చుంది. మాకు ఆ పాటలు వినబడవు. ఆమె ముఖంలో ఏ పాట నడుస్తోందో పోల్చుకుంటూ ముగ్గురం ఎదురుగా కూర్చున్నాం. చివరి పాట అయిపోయాక ఆమె హెడ్‌ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత అన్నను చూడకుండా నాతో అంది.

"అన్ని పాటల్లో ఎవురో ఉండారప్పా. నాకు తెలీని ఆయప్ప. పెద్ద మనిషే, బాగానే పాడినాడు. ఆ కడాపటి పాటలో గొంతు తెగిపాయె చూడు, ఆడొక్క చోటే మా ఇంటాయన ఉండాడు."

ఆమె హెడ్‌ఫోన్ చాప మీద పెట్టి లేచి, గిన్నెల దగ్గరికి వెళ్ళిపోయింది. అన్న చాప మీదినుంచి హెడ్‌ఫోన్ తీసుకుని తనే పెట్టుకున్నాడు. చివరి పాట వెయ్యమని వేలితో చూపించాడు. మొత్తం విన్నాడు. తీసి నాకు ఇచ్చేశాడు.

మిగతా ఏడూ ఆయన వినలేదు. పోయేదాకా కూడా ఎప్పుడూ వినలేదని వదిన చెప్పింది.